రాడ్డు తీసే ముందు ఇనుమును గుర్తుపట్టండి

తెనాలి సూర్య శిల్పశాల పేరు మీరు వినే ఉంటారు. కాటూరి వెంకటేశ్వరరావు గారు, ఆయన కుమారుడు రవిచంద్ర గారు అక్కడ పాత ఇనుముతో విగ్రహాలు చేస్తారు. 2021లో దాదాపు రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసి బెంగళూరు పంపినప్పుడు పత్రికలన్నీ రాశాయి. 75 వేల నట్లతో చేసిన పది అడుగుల గాంధీజీ విగ్రహమూ వాళ్ళ చేతి పనే. ఆ విగ్రహాలు చూసినవాళ్ళు పోలిక కుదిరిందా అని చూస్తారు. వెల్డింగ్ నేర్చుకుంటున్న మీరు మాత్రం కాస్త దగ్గరికి వెళ్ళి అతుకులు చూడండి.

పాత ఇనుము కొట్టులో మనమే ఒక గంపెడు సామాను ఏరుకొచ్చామనుకోండి. అందులో మామూలు నట్టు ఉంటుంది, లారీకి వాడే హై టెన్సైల్ బోల్టు ఉంటుంది. మోటారుసైకిలు చైను, గేరు చక్రం, బేరింగు, కమాను ముక్క, జింకు పూత వేసిన బోల్టు, అడుగున ఎక్కడో ఒక స్టీలు గరిటె కాడ కూడా దొరుకుతుంది. చూడ్డానికి అన్నీ ఇనుమే. మంట తగిలాక ఒక్కోటి ఒక్కో తీరు చూపిస్తుంది. నట్టు హాయిగా అతుక్కుంటుంది. బేరింగు చల్లారేటప్పుడు టిక్కుమని చిట్లుతుంది. జింకు బోల్టు తెల్లని పొగ కక్కుతుంది. విగ్రహానికైతే బరువు మోసే చట్రం లోపల వేరే ఉంటుంది, పైన ఒక ముక్క ఊడినా మళ్ళీ అతికించుకోవచ్చు. అదే ముక్క ట్రాక్టరు కింద తిరుగుతూ ఊడితే పక్కన మనిషి ఉంటాడు.

పని రాగానే మన చెయ్యి అలవాటుగా రాడ్ల పెట్టె మీదికి పోతుంది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపి, వచ్చిన ఇనుము ఏమిటో చూడటం ఈ అధ్యాయంలో నేర్చుకుందాం. ఏ పద్ధతి, ఏ రాడ్డు, ఎంత కరెంటు అన్నవన్నీ దాని తరువాత వచ్చే ప్రశ్నలు.

నాకు ఈ అలవాటు నష్టపోయాకే వచ్చింది. పని నేర్చిన కొత్తలో బాపట్ల వైపు నుంచి ఒక రైతు నూర్పిడి మిషను షాఫ్టు తెచ్చాడు. బేరింగు కూర్చునే చోట అరిగిపోయింది. మా షెడ్డులో ఎప్పుడూ ఉండే 6013 రాడ్లతో చుట్టూ వెల్డింగ్ పోసి, లేతు మీద సైజుకు తీయించి, సాయంత్రానికే ఇచ్చేశాను. నున్నగా మెరుస్తూ ఉంది. మూడో రోజు కళ్ళంలో పని నడుస్తుండగా విరిగింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం ఆ రైతు అదృష్టం, నాది కూడా.

విరిగిన ముక్కలు పట్టుకుని లేతు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. "అతుకు ఊడలేదు బాబాయ్, దాని పక్కన విరిగింది. నా పని బాగానే ఉంది కదా?" అన్నాను. ఆయన ముక్కను వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. "పక్కన విరిగిందంటేనే నీ పనిరా అబ్బాయ్. కొడవలికి పదును ఎలా పెడతారో ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు.

కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, అది అందరికీ తెలుసు. నా షాఫ్టులో జరిగిందీ అదే. లావుపాటి చల్లని ఉక్కు మీద వెల్డింగ్ పడింది. అతుకు కిందా పక్కనా ఒక పలచని పొర ఎర్రగా కాలింది. చుట్టూ ఉన్న చల్లని ఉక్కంతా ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంది. నీళ్ళు లేకుండానే ఆ పొరకు పదును పట్టి గాజులా పెళుసుబారింది. తిరిగే షాఫ్టు నిమిషానికి వందల సార్లు వంగుతూ లేస్తూ ఉంటుంది. ఆ పెళుసు పొరలో వెంట్రుకంత చీలిక పడితే చాలు, అది రోజుకింత లోపలికి పాకుతుంది.

అదే పని నేను మామూలు మెత్తని ఉక్కు (ఎం.ఎస్.) కడ్డీ మీద చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. తేడా కార్బన్‌లో ఉంది. గేట్లకూ షెడ్లకూ వాడే మామూలు ఉక్కు, అంటే ఐ.ఎస్. 2062లో ఈ-250 రకంలో, కార్బన్ 0.23 శాతానికి మించదు. షాఫ్టులకు వాడే ఈ.ఎన్.8లో 0.4 శాతం దరిదాపుల్లో ఉంటుంది. కమాను పట్టీల్లో 0.5 దాటుతుంది. రైలు పట్టాలో 0.6 నుంచి 0.8 దాకా, బేరింగులో దాదాపు 1 శాతం. కార్బన్ పెరిగే కొద్దీ ఉక్కు పదును పట్టే గుణం పెరుగుతుంది, వెల్డింగ్‌కు లొంగే గుణం తగ్గుతుంది. మాంగనీసు, క్రోమియం, మాలిబ్డినం కూడా పదునుకు సాయం చేస్తాయి. అందుకే ఇంజనీర్లు వాటన్నింటినీ కలిపి 'కార్బన్ ఈక్వివలెంట్' అని ఒక లెక్క కడతారు. కార్బన్ శాతానికి మాంగనీసులో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియంల మొత్తంలో ఐదో వంతు, నికెలు, రాగిల మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. వచ్చిన అంకె 0.40 లోపు ఉంటే, మరీ మందం కానంత వరకు, మామూలుగా వెల్డింగ్ చేసుకోవచ్చు. 0.45 దాటితే ముందు వేడి చెయ్యాలి. కొత్త ప్లేటు కొన్నప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఈ లెక్కకు కావలసిన అంకెలన్నీ అందులో ఉంటాయి.

కాగితం లేని ఇనుము

మన షెడ్లకు వచ్చే పనిలో చాలా వాటికి సర్టిఫికెట్ ఉండదు. అప్పుడు ఆ ముక్క ఇంతకుముందు ఏ పని చేసిందో అడగండి. తిరిగేది, వంగి లేచేది, కోసేది, రాపిడి తినేది ఏదైనా సరే, అందులో కార్బన్ ఎక్కువ ఉంటుందని అనుకునే మొదలుపెట్టాలి. నిలబడి బరువు మోసేది సాధారణంగా మెత్తని ఉక్కు.

తరువాత ఆకురాయి. మూల మీద రెండు రుద్దులు రుద్దండి. మెత్తని ఉక్కును ఆకురాయి కొరుకుతుంది, రజను రాలుతుంది. పదును పెట్టిన ఉక్కు మీద జారిపోతుంది. ఇక గ్రైండరు రవ్వలు. ఇది ఒక్కరోజులో వచ్చే విద్య కాదు గానీ వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది. మెత్తని ఉక్కు రవ్వలు పొడుగ్గా, పసుపు తెలుపు కలిసిన గీతల్లా పోతాయి, చివర చీలికలు తక్కువ. కార్బన్ పెరిగితే గీతలు పొట్టివై, చివర కాకరపువ్వొత్తి పూసినట్టు చిట్లుతాయి. పోత ఇనుము రవ్వలు చక్రం దగ్గరే మందంగా, ఎర్రగా ఆగిపోతాయి. స్టెయిన్‌లెస్ రవ్వలు పొట్టిగా నారింజ రంగులో వస్తాయి, పూయవు. ఒక పని చెయ్యండి. ఏమిటో ఖాయంగా తెలిసిన ముక్కలు, అంటే ఎం.ఎస్. పట్టీ, లేతు దగ్గర మిగిలిన ఈ.ఎన్.8 ముక్క, కమాను ముక్క, స్టెయిన్‌లెస్ 304 పైపు ముక్క, పోత ఇనుము ముక్క, ఒక తీగకు గుచ్చి గ్రైండరు పక్కన వేలాడదీయండి. కొత్త ఇనుము రాగానే దాని రవ్వను వీటి రవ్వలతో పక్కపక్కన పోల్చండి. సాయంత్రం కాస్త చీకటి పడ్డాక చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

అయస్కాంతాన్ని చాలామంది ఎక్కువ నమ్ముతారు. అది చెప్పేది తక్కువ. ఎం.ఎస్.కూ ఈ.ఎన్.8కూ కమానుకూ ఒకేలా అంటుకుంటుంది. స్టెయిన్‌లెస్‌లో 304కూ అంటదు, చవకరకం 202కూ అంటదు. అంటే "అయస్కాంతం అంటలేదు కాబట్టి 304" అన్న మాట చెల్లదు. వంచిన చోట 304 కూడా కొద్దిగా అంటుకుంటుంది. ఈ రెండింటి తేడా తేల్చడానికి చుక్క వేసి రంగు చూసే మందు సీసా స్టీలు కొట్లలో దొరుకుతుంది, అది కొని పెట్టుకోండి.

ఇనుమును కంటి చూపుతో గుర్తుపట్టడం మన నేలకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్యులు దాన్ని 'ఊట్జ్' అన్నారు, మన 'ఉక్కు' మాటే వాళ్ళ నోట అలా మారిందని చెబుతారు. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉండే ఉక్కు అది. కాస్త ఎక్కువ కాలిస్తే సమ్మెట కింద పొడిపొడి అయిపోతుంది. ఎంత ఎరుపుకు కొలిమిలోంచి తీయాలో ఆ కమ్మరులకు కంటితోనే తెలుసు.

మెత్తని ఉక్కుకు ఏ దారి

గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లు, ట్రాలీలు, దమ్ము చక్రాలు: తెనాలి, బాపట్ల, రేపల్లె డెల్టాలో మనకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ఇదే. దీనికి మామూలు ఆర్క్ వెల్డింగ్, 6013 రాడ్డు సరిపోతాయి. అంటించడం తేలిక, మంట మెత్తన, చిట్టెం సులువుగా ఊడుతుంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు, 2.5కు 60 నుంచి 90. ఆ అంకెలు రాడ్డు పెట్టె మీదే ఉంటాయి, చదివి పెట్టండి. పేరులోని మొదటి రెండు అంకెలు అతుకు బలం చెబుతాయి. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని. మూడో అంకె 1 అయితే పడుకోబెట్టీ, నిలువుగా, తల మీదా ఎలాగైనా వెల్డింగ్ చేయవచ్చు.

దమ్ము చక్రం ఎం.ఎస్. పనే అయినా దాన్ని గేటుతో సమానంగా చూడకండి. బురదలో ప్రతి పట్టీ మీదా దెబ్బ పడుతుంది. అక్కడ 7018 రాడ్డు వాడమని నా సలహా. దాని అతుకు బలంగా ఉండటమే కాదు, సాగుతుంది, దెబ్బకు చిట్లదు. మంచి డీసీ మిషను కావాలి. ఇన్వర్టరు మిషన్లు వచ్చాక అది పెద్ద ఇబ్బంది కాదు. పాత ఏసీ ఆయిల్ మిషను మీద 7018 అంటుకోక మొరాయిస్తే తప్పు రాడ్డుది కాదు.

పలుచని రేకుకు, ట్యూబుకు, బండి బాడీలకు సీఓటూ వెల్డింగ్ మంచిది. 0.8 మిల్లీమీటర్ల తీగతో రేకు కాలిపోకుండా త్వరగా పని అవుతుంది. కానీ అది షెడ్డులో చేసుకునే పని. సూర్యలంక ఒడ్డునో నిజాంపట్నం హార్బరులోనో సముద్రపు గాలిలో నిలబడి సీఓటూ కొడితే అతుకును కాపాడే గ్యాసు తెరను గాలి ఊదేస్తుంది. అతుకు పైకి బాగానే కనిపించి లోపల పురుగు తిన్న వంకాయలా బెజ్జాలు పడుతుంది. ఆరుబయట పనికి, గాలి ఉన్నచోట రాడ్డే నయం. రాడ్డు పూత కాలి తన పొగ తెర తానే వేసుకుంటుంది, పైన చిట్టెం దుప్పటి కప్పుతుంది.

జింకు పూత వేసిన జీఐ పైపు వస్తే అతుకు చుట్టూ రెండు అంగుళాల మేర పూతను గ్రైండరుతో తీసేయండి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, వెల్డింగ్ వేడి దాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఆ తెల్లపొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. వర్షంలో తడిశానేమో అనుకుని పడుకుంటాడు. గాలి వచ్చే వైపు నిలబడండి, పని అయ్యాక అతుకు మీద జింకు ఎక్కువున్న పెయింటు వెయ్యండి. ఇంటి కట్టుబడిలో టీఎంటీ ఊచలను వెల్డింగ్ చెయ్యమని అడిగితే, ఇంజనీరు రాసి ఇస్తే తప్ప వద్దనండి. ఆ ఊచకు పైనున్న గట్టి పొర తయారీలో నీళ్ళ పదునుతో వచ్చింది, మన వేడికి అది మెత్తబడుతుంది. బైండింగు వైరుతో తగినంత అతివ్యాప్తి ఇచ్చి కట్టుకోవడం వాళ్ళకూ చవక.

గట్టి ఉక్కు దగ్గర ఓపిక

ఇక నేను దెబ్బతిన్న చోటికి వద్దాం. షాఫ్టులు, గేర్లు, హై టెన్సైల్ బోల్టులు. వీటికి శత్రువులు రెండు: త్వరగా చల్లారడం, హైడ్రోజన్. మొదటిది కొడవలి కథ. రెండోది కంటికి కనపడదు. రాడ్డు పూతలోని తేమ, ఇనుము మీది తుప్పు, నూనె, గ్రీజు మంటలో విడిపోయి హైడ్రోజన్ అవుతుంది. అది కరిగిన లోహంలోకి దూరి, చల్లారాక పదును పట్టిన పొరలో చేరి లోపలి నుంచి చీలుస్తుంది. ఒక్కోసారి వెల్డింగ్ అయిన ఒకటి రెండు రోజులకు గానీ ఆ చీలిక తెలియదు. రాత్రి బాగున్న ముక్క పొద్దున చిట్లి ఉండటం అందుకే.

7018 రాడ్డును తక్కువ హైడ్రోజన్ రాడ్డు అంటారు, కానీ పొడిగా ఉన్నంతవరకే దానికి ఆ పేరు. మన తీరంలో వానాకాలపు గాలికి తెరిచిన పెట్టె పూటలో తేమ పట్టేస్తుంది. కంపెనీ చెప్పినట్టు 250 నుంచి 350 డిగ్రీల మధ్య గంట, రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి, వేడిగా ఉన్న డబ్బాలోంచి ఒక్కొక్కటి తీసి వాడాలి. ఎండలో పెడితే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. ఎండ 45 డిగ్రీలు, ఆ తేమ పోవడానికి కావలసింది దానికి కనీసం ఐదారింతలు. ఓవెన్ కొనలేకపోతే చిన్న పెట్టె కొని, తెరిచిన రోజే అయినంత వాడుకోండి. మిగిలినవి గేటు పనికి పెట్టండి, షాఫ్టుకు మళ్ళీ కొత్త పెట్టె తెరవండి.

ఈ.ఎన్.8 షాఫ్టుకు ముందు వేడి 200 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, మందాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. గ్యాసు మంటను ఒకేచోట పెట్టకుండా షాఫ్టు తిప్పుతూ అతుకుకు రెండు వైపులా నాలుగంగుళాల దాకా కాల్చండి. వేడి కొలవడానికి ఒక్కోటి ఒక్కో నిర్ణీత వేడి దగ్గర కరిగే ప్రత్యేకమైన చాక్‌పీసులు దొరుకుతాయి. అంతకంటే తేలిక, చేతిలో పట్టుకునే లేజరు థర్మామీటరు. అయితే తళతళలాడే చోట అది తప్పు చూపిస్తుంది, నల్లబడ్డ చోట కొలవండి. వెల్డింగ్ మధ్యలో వేడి తగ్గనివ్వకండి, భోజనానికి లేవకండి.

అయ్యాక నెమ్మదిగా చల్లారనివ్వడం అసలు రహస్యం. దానికి మన డెల్టాలో డబ్బు పెట్టి కొనక్కరలేని మందు ఉంది. రైసు మిల్లుల ఊక బూడిద. వేడిని పట్టి ఉంచడంలో దాన్ని మించింది తక్కువ. పెద్ద ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పేది కూడా ఊక బూడిదనే. పాత డ్రమ్ము నిండా పొడి బూడిద పోసి పెట్టుకోండి. వెల్డింగ్ అయిన షాఫ్టును వేడి మీదే అందులో పూడ్చి తెల్లారేదాకా ముట్టుకోకండి. బూడిద లేకపోతే పొడి సున్నం వాడవచ్చు.

ఎర్తు క్లాంపు ఎక్కడ తగిలిస్తున్నారో కూడా చూడండి. బేరింగు బిగించి ఉన్న షాఫ్టు మీద వెల్డింగ్ చేస్తూ ఎర్తును అవతలి వైపు పెడితే కరెంటంతా బేరింగు గుండ్లలోంచి పోతుంది, వాటి మీద మచ్చలు పడతాయి. అతుకు పక్కనే పెట్టండి. ట్రాక్టరు మీదే పని చేయాల్సివస్తే బ్యాటరీ తీగలు విప్పేసి మొదలుపెట్టండి. తడి నేల మీద, బోదె గట్టు మీద రబ్బరు బూట్లు లేకుండా హోల్డరు ముట్టుకోకండి. డీజిలు ట్యాంకు, నూనె డ్రమ్ము ఎంత ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, శుద్ధి చేసి ఆ ఆవిరి పోగొట్టే తీరు తెలిసినవాళ్ళకు తప్ప ఆ పని ఎవరికీ వద్దు.

కొన్నిటికి అతుకే వద్దు. కమాను పట్టీ విరిగితే మార్చమనండి. వెల్డింగ్ చేసిన కమాను బరువుతో రోడ్డు మీద విరిగితే లారీ పక్కకు లాగేస్తుంది. స్టీరింగు భాగాలూ అంతే. రైలు పట్టా చూడండి. 1916లో వేసిన తెనాలి రేపల్లె లైను మీద ప్రయాణం చేసేటప్పుడు స్టేషనులో పట్టాల అతుకులు గమనించండి. రైల్వే వాళ్ళు దాన్ని రాడ్డుతో అతికించరు. పట్టా చివరలను ముందు ఎర్రగా కాల్చి, చుట్టూ అచ్చు కట్టి, పైన మూసలో ఇనుప ఆక్సైడు, అల్యూమినియం పొడి కలిపి అంటిస్తారు. అది 2500 డిగ్రీల దాకా పోయి కరిగిన ఉక్కుగా మారి అచ్చులోకి దిగుతుంది. థర్మిట్ వెల్డింగ్ అంటారు. ఎక్కువ కార్బన్ ఉక్కుకు అంత వేడి, అంత నిదానం కావాలని వాళ్ళ పద్ధతే చెబుతోంది. మన షెడ్డులో దాగలిగా పెట్టుకునే పట్టా ముక్క మీద సరదాకు 6013 రాడ్డుతో ఒక గీత గీసి, చల్లారాక సుత్తితో కొట్టి చూడండి. గీత పెచ్చులా లేచి వస్తే ఆశ్చర్యపోకండి.

ఉక్కును పట్టించుకోకపోతే ఎంత పెద్ద పనైనా నిలవదనడానికి 1943 జనవరి నాటి షెనెక్టడీ ఓడ ఉంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర రేవులో నిలబెట్టిన కొత్త ట్యాంకరు, తుఫాను లేదు, ఢీకొన్నది లేదు, ఒక రాత్రి నడుముకు విరిగింది. మొదట నిందంతా వెల్డర్ల మీద పడింది. అతుకుల్లో లోపాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ కాలపు ఓడల ఉక్కే చలికి పెళుసుబారుతోందని కేంబ్రిడ్జిలో లోహ శాస్త్రవేత్త కాన్‌స్టాన్స్ టిప్పర్ పరీక్షలు చేసి చూపించింది.

ఉప్పు గాలిలో స్టెయిన్‌లెస్

రేపల్లె, నిజాంపట్నం వైపు స్టెయిన్‌లెస్ పని రోజురోజుకూ పెరుగుతోంది. రొయ్యల చెరువుల ఏరియేటర్ ఫ్రేములు, చేపల షెడ్ల బల్లలు, ఇళ్ళ గేట్లు, మెట్ల రెయిలింగులు. ఇక్కడ ఉప్పే మొదటి ప్రశ్న. 202లో నికెలు తగ్గించి మాంగనీసుతో సరిపెడతారు. ఇంటి లోపల అది చక్కగా ఉంటుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి, ఊరి మధ్య ఇంటి గేటుకు సరిపోతుంది. ఉప్పునీరు నేరుగా తగిలేచోట 304 కూడా సన్నని గుంటలు పడుతుంది. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 కావాలి. ధర ఎక్కువే. అయినా ఆ మాట ముందే చెప్పండి. ఏడాదికి గోధుమరంగు మచ్చలు పడ్డ రెయిలింగు దగ్గర నిలబడి చెప్పే సంజాయిషీ ఎవరూ వినరు.

పలుచని స్టెయిన్‌లెస్‌కు ఆర్గాన్ వెల్డింగ్ వాడండి. పుస్తకాల్లో టిగ్ అని రాసేది ఇదే. డీసీలో టంగ్‌స్టన్ నెగటివ్ వైపు, గ్యాసు నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. 304కు 308ఎల్ తీగ, 316కు 316ఎల్ తీగ. ఎం.ఎస్. స్తంభానికి స్టెయిన్‌లెస్ పైపు అతకాలంటే 309ఎల్. మందమైన పనికి, ఆరుబయట పనికి అవే నంబర్ల రాడ్లు ఉన్నాయి. చివరి 'ఎల్' కార్బన్ తక్కువని, 0.03 శాతం దరిదాపుల్లోనే ఉందని చెప్పే అక్షరం. కార్బన్ ఎక్కువుంటే 450 నుంచి 850 డిగ్రీల మధ్య వేడిలో అది క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. క్రోమియం కరువైన ఆ గీత వెంటే తుప్పు మొదలవుతుంది. అందుకే స్టెయిన్‌లెస్‌కు నెమ్మదిగా చల్లార్చే షాఫ్టు పద్ధతి పనికిరాదు. తక్కువ కరెంటు, పొట్టి అతుకులు, త్వరగా చల్లారనివ్వడం. ఒకే షెడ్డులో రెండు ఉక్కులకు రెండు విరుద్ధమైన మర్యాదలు. ఇది మరిచిపోయి 304 ఫ్రేమును బూడిదలో పెట్టిన కుర్రాడిని నేను చూశాను, వాడి శ్రద్ధను మెచ్చుకుని తప్పు చెప్పాను.

పైపు పనిలో వెనకవైపు కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే అతుకు లోపలి అంచు నల్లగా, బెల్లం మాడినట్టు గడ్డలు కడుతుంది. వేడికి వచ్చిన నీలం, గోధుమ రంగులు అందానికి వదిలేయకండి, ఆ రంగు కింద క్రోమియం తగ్గి ఉంటుంది. పిక్లింగ్ పేస్టు రాసి కడగండి. చేతికి, కంటికి తగలకుండా చూసుకోండి, అది ఘాటైన ఆమ్లం. ఇక చాలామంది పట్టించుకోనిది ఒకటి. ఎం.ఎస్. రుద్దిన గ్రైండింగ్ రాయితో, ఇనుప బ్రష్షుతో స్టెయిన్‌లెస్‌ను ముట్టుకోకూడదు. అంటుకున్న ఇనుప రజనే తరువాత తుప్పుగా బయటపడుతుంది. "మీరు వేసింది స్టీలు కాదు" అని వినియోగదారుడు పడే గొడవకు మూలం ఒక్కోసారి ఆ బ్రష్షే. స్టెయిన్‌లెస్ సామాను వేరే పెట్టెలో, వేరే రంగు గుర్తుతో ఉంచండి.

అడగడం, ఆపడం

రాడ్ల కంటే కష్టమైంది ఎదుటి మనిషితో మాట్లాడటం. దమ్ము నడుస్తుండగా ట్రాక్టరు ఆగిన రైతు కంగారులో ఉంటాడు. అడుగు మడికి నీళ్ళు వదిలేశారు, కూలీలు కాసుకుని ఉన్నారు. "ఏదో ఒకటి అంటించెయ్ తమ్ముడూ, రెండు రోజులు నడిస్తే చాలు" అంటాడు. ఆ మాటకు లొంగిపోయి అంటించినవాడినే రెండో రోజు తిడతాడు కూడా.

మీరు కసురుకోకుండా నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఏ మిషనులోది? ఇంతకుముందు ఎవరైనా దీన్ని వెల్డింగ్ చేశారా? కొత్తది ఎంతలో వస్తుంది, ఎన్ని రోజులకు? విరిగితే పక్కన ఎవరుంటారు? చివరి ప్రశ్న విన్నాక చాలామందికి కంగారు తగ్గుతుంది. ఆ తరువాత "ఈ పని రేపు పొద్దుటికి ఇస్తాను, ఇవాళ ఇవ్వలేను అన్నా" అనడం మీకూ సులువవుతుంది. రెండు ధరలు చెప్పకండి. త్వరగా చేసే చవక అతుకు అంటూ ఒకటి మీ షెడ్డులో ఉందని తెలిస్తే అందరూ దాన్నే అడుగుతారు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏ ముక్క, రవ్వ ఎలా ఉంది, ఏ రాడ్డు, ఎంత కరెంటు, ముందు వేడి ఎంత. కుడిపక్క సగం పేజీ ఖాళీ వదలండి. ఆ ముక్క మళ్ళీ మీ దగ్గరికి వస్తే, ఎందుకు వచ్చిందో ఆ ఖాళీలో రాయండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఆ నూర్పిడి షాఫ్టుది, అది రాసింది విరిగాకే.

కొన్నేళ్ళ తరువాత అలాంటి షాఫ్టే మరొకటి వచ్చింది, ఈసారి రేపల్లె వైపు నుంచి. బేరింగు చోటే అరిగింది. రవ్వ చూశాను, ఆకురాయి వేసి చూశాను. తెచ్చినాయన గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "సాయంత్రానికి ఇచ్చెయ్, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. రేపు రమ్మన్నాను, విసుక్కుంటూ వెళ్ళాడు. షాఫ్టు శుభ్రం చేసి, తిప్పుతూ కాల్చి, కొత్త పెట్టెలోని 7018తో ఎదురెదురు వైపుల మార్చి మార్చి పోశాను. చీకటి పడే వేళకు అది డ్రమ్ములో ఊక బూడిద కింద ఉంది. పొద్దున్నే ఆయన వచ్చేసరికి నేను బూడిద తవ్వుతున్నాను. షాఫ్టు పైకి తీసి చేతికిచ్చాను. "ఇంకా గోరువెచ్చగానే ఉందే" అని అరచేతిలో తిప్పి చూసుకుంటూ, లేతు షెడ్డు ఎటు వైపో అడిగాడు.